తక్కువ ఆర్‌పీఎంలో వణుకుతున్న రోటాక్స్ 912: ఎక్కడ మొదలుపెట్టాలి?

చంద్రగిరి_రెక్కలు
నలుగురం కలిసి కొనుక్కున్న రెండు సీట్ల మైక్రోలైట్ (తేలికపాటి చిన్న విమానం) మాది, సెకండ్ హ్యాండ్. ఇంజన్ రోటాక్స్ 912, 80 హార్స్‌పవర్‌ది. విమానం బెంగళూరు పక్కన హ్యాంగర్లో ఉంటుంది, నేనేమో తిరుపతిలో. శుక్రవారం రాత్రి బస్సెక్కి పోతాను, సోమవారం తెల్లారేసరికి మళ్ళీ ఇంట్లో ఉంటాను.

మూడు వారాలుగా ఒకటే గొడవ. 1,600 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఇంజన్ విపరీతంగా వణుకుతోంది. ప్యానెల్ అంచున పెట్టిన పెన్ను జారి పడిపోతుంది. 3,500 దాటితే ఏమీ లేనట్టు చక్కగా తిరుగుతుంది. 4,000 దగ్గర మ్యాగ్ చెక్ చేస్తే, అంటే రెండు ఇగ్నిషన్లలో ఒక్కొక్కదాన్నే ఆపి చూస్తే, ఒకవైపు 130, రెండోవైపు 150 ఆర్‌పీఎం తగ్గుతోంది. ప్లగ్గులు విప్పి చూపించారు: ఎడమవైపు సిలిండర్లవి పొయ్యి మసిలా నల్లగా, కుడివైపువి లేత గోధుమరంగులో ఉన్నాయి. అన్నీ కొత్తవి వేశాం. ఒక గంట బాగుంది. మళ్ళీ అదే వణుకు.

పోయిన నెలలోనే ఒక చోట సర్వీసు చేయించాం. డబ్బులు తీసుకుని "అన్నీ చూశాం సార్" అన్నారు. ఏం చూశారో కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. ఈ ఇంజన్ లోపల ఏం జరుగుతోందో నాకు తెలియాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాకాల_జంక్షన్
కార్బురేటర్ల సింక్ పోయింది, అంటే రెండూ సమానంగా తెరుచుకోవడం లేదు. ఇంకేమీ వెతకొద్దు. మా ఫ్రెండు విమానానికి అచ్చం ఇలాగే వస్తే సింక్ చేశారు, అరగంటలో సరిపోయింది.

మదనపల్లె_ఎగురుడు
పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నారు? బంకులోదే అయితే నా అనుమానం దానిమీదే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. 912కి కంపెనీ ఒప్పుకున్నది 10 శాతం దాకానే.

పుత్తూరు_స్పానర్
నాకు విమానాలు తెలియవన్నా, 22 ఏళ్ళుగా బైకులు చేస్తున్నా. మీ ఇంజన్ ఫోటోలు వెతికి చూశాను. ఆ కార్బురేటర్ పాత బీఎండబ్ల్యూ బైకులకు వచ్చే బింగ్ లాంటిదే. ఒక్క ఎడమవైపే నల్లబడిందంటే అటువైపు పెట్రోలు ఎక్కువ దిగుతోంది. చోక్ కేబుల్ చూడండి. రెండు కార్బురేటర్లకు రెండు కేబుళ్ళు ఉంటాయి కదా, ఒకటి పూర్తిగా వెనక్కి వచ్చి, రెండోది కొంచెం లాగినట్టే ఉండిపోతే ఇలాగే అవుతుంది. చోక్ ప్రభావం తక్కువ స్పీడులోనే తెలుస్తుంది, యాక్సిలరేటర్ ఎక్కువిస్తే కనపడదు. మీరు చెప్పిన గుణం అదే.

పాకాల_జంక్షన్
బైకు వేరు, విమానం వేరు బ్రదర్. తెలియని దాంట్లో సలహా ఇవ్వడం ప్రమాదం.

ఏఎంఈ_పెద్దాయన
ముప్పై ఏళ్ళు ఏఎంఈగా, అంటే విమానాలు బాగుచేసే లైసెన్స్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. పుత్తూరు తమ్ముడు చెప్పింది సరైన దారే. అతను విమానం చూడలేదు గానీ, ప్లగ్గుల మాట జాగ్రత్తగా చదివాడు.

చంద్రగిరి బాబూ, మీరిచ్చిన లెక్కల్లోనే సగం జవాబు ఉంది. 912లో ఒక్కో సిలిండరుకు రెండు ప్లగ్గులు, విడివిడిగా రెండు ఇగ్నిషన్ సర్క్యూట్లు. 4,000 దగ్గర ఒకదాన్ని ఆపితే 300 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్య తేడా 115 మించకూడదు. మీది 130, 150. కాబట్టి ఇగ్నిషన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు. కుడి కార్బురేటర్ 1, 3 సిలిండర్లకు పోస్తుంది, ఎడమది 2, 4కి. నల్లబడ్డవి ఆ 2, 4వే. కొత్త ప్లగ్గులు కూడా గంటలో మసిబారాయంటే తప్పు ప్లగ్గులది కాదు, వాటి మీదికి వచ్చే పెట్రోలుది.

ఒకవైపే పెట్రోలు ఎక్కువ రావడానికి కారణాలు నాకు మూడు కనిపిస్తున్నాయి. చోక్ పూర్తిగా మూతపడకపోవడం. కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నెలో (బౌల్) తేలుతూ మట్టం చూసుకునే ముక్క, అంటే ఫ్లోటు, బరువెక్కి మునగడం. ఫ్లోటు పైకి లేచినప్పుడు పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వులో నలుసు ఇరుక్కోవడం. సింక్ తప్పినా వణుకుతుంది, పాకాల అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. కానీ ఒకవైపు ప్లగ్గులు ఇంత నల్లబడటానికి అదొక్కటే కారణం అనుకోను. పైగా మునిగిన ఫ్లోటును అలాగే ఉంచి సింక్ చేశారనుకోండి, ఆ ఫ్లోటు మార్చిన రోజున సింక్ మళ్ళీ తప్పుతుంది. సింక్ చివర్లో చేసే పని.

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక ఇంజన్ వేసి చూడండి, ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాయండి, తర్వాతే రెండోదాని జోలికి పోండి. మూడూ ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు. ఇంకొకటి, విప్పేటప్పుడు మీ హ్యాంగర్ ఇంజినీరు పక్కన ఉండాలి, చేసిన పని లాగ్‌బుక్కులో ఎక్కాలి, సంతకం ఆయనదే. మీరు నేర్చుకోవడానికి అది అడ్డం కాదు. ఆయన చేతిలో స్పానరుంటే మీ చేతిలో టార్చి ఉండాలి, అంతే.

గగనతార
ఎన్‌సిసి ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 అనే చిన్న విమానంలో నాలుగుసార్లు ఎగిరాను. దానిదీ ఈ 912 ఇంజనే. ఇప్పుడు ఏఎంఈ కోర్సు రెండో ఏడాది. పెద్దాయన సార్‌కి ఒక ప్రశ్న. ఆయిల్ చూసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేవాళ్ళు. ఎందుకో అడిగితే "అలా చెయ్యాలి" అనేవాళ్ళు. అసలు కారణం ఏంటి సార్?

ఏఎంఈ_పెద్దాయన
మంచి ప్రశ్న తల్లీ. ఇది డ్రై సంప్ ఇంజన్. ఆయిల్ అడుగున తొట్టిలో ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. ఇంజన్ ఆపాక కొంత ఆయిల్ క్రాంక్‌కేసులోనే (ఇంజన్ పొట్టలో) మిగులుతుంది. దాన్ని ట్యాంకుకు తోసేది పంపు కాదు, పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే గాలి ఒత్తిడి. చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోతే ఆ గాలే ఆయిల్‌ను ట్యాంకులోకి నెడుతుంది. ట్యాంకు మూత తీసి ఉంచితే గళగళమని చప్పుడు వినపడుతుంది. అప్పుడు కొలకర్ర చూస్తేనే లెక్క నిజం. అది వినకుండా చూసి, తక్కువుందని ఆయిల్ పోసేసిన వాళ్ళను చాలామందిని చూశాను.

తిరిగే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే ఆయిల్ దారుల్లోకి గాలి చేరి వాల్వు లిఫ్టర్ల దాకా పోతుంది. తిప్పే ముందు రెండు స్విచ్చులూ ఆఫ్‌లో ఉన్నాయా, చక్రాలకు అడ్డు పెట్టారా చూసుకోవాలి. ఈ ఇగ్నిషన్ ఆగేది వైరు ఎర్త్ అయినప్పుడే. ఆ వైరు తెగిపోతే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజన్ దృష్టిలో ఆన్‌లో ఉన్నట్టే. అందుకే ప్రొపెల్లర్ ఎప్పుడూ బతికే ఉందనుకుని చెయ్యి వెయ్యాలి.

గగనతార
రెండేళ్ళ కోర్సులో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు సార్. నోట్స్‌లో రాసుకున్నాను.

డల్లాస్‌లో_చిత్తూరోడు
మాది గ్రీమ్స్‌పేట, ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నా. ఇక్కడ 2004లో లైట్ స్పోర్ట్ అని చిన్న విమానాలకు ఒక తరగతి పెట్టారు, అప్పట్లో 600 కిలోల దాకా. అందులో ఎక్స్‌పెరిమెంటల్ రకం కొనుక్కున్న ఓనరు 16 గంటల కోర్సు చేసి పాసైతే తన విమానానికి ఏడాదికొకసారి చేసే తనిఖీ తానే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఇతరుల విమానాలు కూడా రిపేరు చేసి సంపాదించుకోవాలంటే అప్పట్లో 120 గంటల కోర్సు ఉండేది. నేను ఆ 16 గంటల కోర్సు చేశాను. అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఎక్కడ ఆగాలో. గేర్‌బాక్స్ విప్పే పని నాది కాదని అక్కడే తెలిసింది.

మన దగ్గర కూడా అలాంటి చిన్న కోర్సు రావాలని నా కోరిక.

మదనపల్లె_ఎగురుడు
నా పెట్రోలు ప్రశ్నకు జవాబు రాలేదు.

చంద్రగిరి_రెక్కలు
సారీ అన్నా. హైవే మీద బంకులో క్యాన్లకు పట్టించుకుంటాం. ఇథనాల్ ఎంతుందో ఎప్పుడూ చూడలేదు.

మదనపల్లె_ఎగురుడు
చూడటం తేలిక. గీతలున్న గాజు కొలజాడీ తీసుకోండి. 20 గీత దాకా నీళ్ళు పోయండి, మీద 100 దాకా పెట్రోలు పోయండి. మూత బిగించి బాగా ఊపి, పది నిమిషాలు కదపకుండా పెట్టండి. ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్ళతో కలిసిపోతుంది. నీళ్ళ మట్టం 20 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. పైకి లేచిందంటే, లేచినంతా ఇథనాలే. పొయ్యి పక్కన మాత్రం చెయ్యొద్దు, ఆరుబయట చెయ్యండి.

స్వర్ణముఖి77
ఇంకో కోణం. మా ట్రైక్‌ది (గుడ్డ రెక్క కింద వేలాడే మూడు చక్రాల విమానం) 582, రెండు స్ట్రోకుల ఇంజన్. మే నెలలో మన ఎండకు, ఎగిరొచ్చి ఇంజన్ ఆపి ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ స్టార్ట్ చేస్తే ఊగిపోయేది. ఇంజన్ వేడికి పైపుల్లో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టేది. పైపులకు వేడి తగలకుండా తొడుగు వేశాక తగ్గింది. మీది పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా వణుకుతోందా?

చంద్రగిరి_రెక్కలు
పొద్దున ఆరింటికీ అంతే, మధ్యాహ్నమూ అంతే.

స్వర్ణముఖి77
అయితే ఇది కాదు. కొట్టేయండి.

చంద్రగిరి_రెక్కలు
ఈ వారం వెళ్ళొచ్చాను. వరుసగా రాస్తాను.

శనివారం పొద్దున ఇంజినీరు గారితో కలిసి కవర్ విప్పాం. పుత్తూరు అన్నా, మీరు చెప్పింది నిజమే! కాక్‌పిట్‌లో చోక్ లివర్ పూర్తిగా ఆఫ్‌లో ఉన్నా ఎడమ కార్బురేటర్ మీది చోక్ మీట ఆనాల్సిన చోటికి రావడం లేదు, రెండు మిల్లీమీటర్ల సందు. కేబుల్ ఒక వంపు దగ్గర దుమ్ము పట్టి బిగుసుకుంది. శుభ్రం చేసి, సర్ది, రెండు మీటలూ ఒకేసారి ఆనేలా పెట్టాం. వేరే ఏదీ ముట్టుకోలేదు. ఇంజన్ వేశాం. వణుకు తగ్గింది, కానీ పోలేదు. పెన్ను పడలేదు, కానీ జరుగుతూనే ఉంది.

ఇంకో విషయం కంటపడింది. ఎడమ కార్బురేటర్ కింద ఉండే డ్రిప్ ట్రే తడిగా ఉంది, పెట్రోలు వాసన. కుడివైపుది పొడిగా ఉంది.

పెట్రోలు పరీక్ష కూడా చేశాం. నీళ్ళ మట్టం 20 నుంచి 35 దాకా లేచింది. చూసి నలుగురం కాసేపు మాట్లాడలేదు.

మదనపల్లె_ఎగురుడు
80 మిల్లీలీటర్ల పెట్రోల్లో 15 మిల్లీలీటర్లు. అంటే దాదాపు 20 శాతం. ఆ క్యాన్లు ఇక విమానం దగ్గరికి తేవద్దు.

పుత్తూరు_స్పానర్
చాలా సంతోషం అన్నా. ట్రే తడిగా ఉందంటే బౌల్ పొంగుతోంది. ఇక ఫ్లోటే చూడాలి.

పాకాల_జంక్షన్
పుత్తూరు బ్రదర్, నేను ముందు అలా అనాల్సింది కాదు. మీరు సరిగ్గా చెప్పారు.

పుత్తూరు_స్పానర్
అయ్యో, దాందేముంది అన్నా.

ఏఎంఈ_పెద్దాయన
తడి ట్రేను గమనించడం ఈ వారం మీరు చేసిన పనుల్లో గొప్పది. ఇప్పుడు బౌల్ దించండి. అడుగున తీగ క్లిప్పు ఉంటుంది, పక్కకు నెడితే బౌల్ ఊడి చేతికొస్తుంది. అంతకుముందే పెట్రోలు కట్టెయ్యండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. ఒక్కో బౌల్‌లో రెండు ఫ్లోట్లు. రెండూ కలిపి తూచితే 7 గ్రాములు దాటకూడదు. దాటితే అవి పెట్రోలు పీల్చుకున్నట్టే, జతగా మార్చాలి. ఎడమవి, కుడివి కలిసిపోకుండా వేరు వేరు డబ్బాల్లో పెట్టి పేర్లు రాయండి.

ఇది ఇథనాల్ వల్లే అని తొందరపడి అనొద్దు. ఫ్లోట్లు పెట్రోలు పీల్చే జబ్బు మనకు ఈ 20 శాతం పెట్రోలు రాకముందు నుంచే ఉంది. కంపెనీ దీనిమీద సర్వీస్ బులెటిన్లు కూడా ఇచ్చింది. పెట్రోలు మార్చాల్సిందే, ఫ్లోటు చూడాల్సిందే. రెండూ వేరు వేరు సంగతులు.

చంద్రగిరి_రెక్కలు
ఫ్లోట్ల రిపోర్టు. హ్యాంగర్లో ఉన్న కాటా గ్రాములే చూపిస్తుంది, పాయింట్లు చూపించదు. అది 7 అంటే 6.6 కావచ్చు, 7.4 కావచ్చు. విమానం ఎటూ నేలమీదే ఉంది కాబట్టి, ఇంజినీరు గారు లాగ్‌బుక్కులో రాసి, నాలుగు ఫ్లోట్లూ రెండు మాత్రల డబ్బాల్లో పెట్టి నాకిచ్చారు. తిరుపతి తెచ్చి గాంధీ రోడ్డులో మాకు తెలిసిన బంగారు అంగడికి పోయాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని "ఇదేం నగ నాయనా?" అన్నాడు. విమానంలోది అని చెప్పేసరికి పక్కన గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా కాటా చుట్టూ చేరారు. ఒక్కో జత మూడుసార్లు తూచి, చీటీ మీద రాసి, స్టాంపు వేసి మరీ ఇచ్చాడు.

కుడి జత: 6.52 గ్రాములు.
ఎడమ జత: 8.31 గ్రాములు.

గగనతార
బంగారు అంగడి కాటా మీద! ఈ చీటీని లాగ్‌బుక్కులో అంటించుకోవాలి అన్నా.

చంద్రగిరి_రెక్కలు
ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. నేను ఎగిరిన ప్రతిసారీ ఆమెకు టెన్షనే, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. "ఈ రెండు ముక్కలా నిన్ను ఇన్నాళ్ళు వణికించింది" అని వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంతకుముందు విమానం మాటెత్తితే లేచిపోయేది. నిన్న బౌల్ బొమ్మ గీయించుకుని, పెట్రోలు ఎలా ఆగుతుందో చెప్పించుకుంది.

డల్లాస్‌లో_చిత్తూరోడు
అమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి.

స్వర్ణముఖి77
తనిఖీల్లో ఇది కూడా కలుపుకోండి అన్నా. విమానం వారమంతా ఊరికే ఉంటుంది కాబట్టి పిటాట్ ట్యూబుకు (గాలి ఒత్తిడితో స్పీడు చూపించే గొట్టం) కవరు తప్పకుండా వెయ్యండి. మాది పది రోజులు కవరు లేకుండా ఉంటే కందిరీగ లోపల మట్టి గూడు కట్టేసింది. రన్‌వే మీద పరిగెత్తుతుంటే స్పీడు ముల్లు సున్నా మీదే ఉంది. వెంటనే ఆపేశాను కాబట్టి సరిపోయింది. ఎలుకలు వైర్లు కొరకడం ఇంకో కథ.

చంద్రగిరి_రెక్కలు
కవరుంది అన్నా, కానీ చినిగిపోయింది. ఈ వారమే కుట్టిస్తాను.

చంద్రగిరి_రెక్కలు
కొత్త ఫ్లోట్లు వచ్చాయి, ఈ ఆదివారం వేశాం. పెద్దాయన సార్ చిత్తూరులో నా బస్సే ఎక్కారు! ఆయన వాక్యూమ్ గేజీల (రెండువైపులా ఇంజన్ గాలి పీల్చే బలం కొలిచేవి) పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆగిన చోట ములబాగిలు దోసె తింటూ కూడా కార్బురేటరే మాట్లాడారు.

ముందు ఫ్లోట్లు మాత్రమే మార్చి ఇంజన్ వేశాం. ట్రే పొడిగా ఉంది. వణుకు ఇంకా సగం తగ్గింది. అప్పుడు సింక్ మొదలుపెట్టాం. మొదట ఇంజన్ ఆపి ఉండగానే: రెండు థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీటలూ పూర్తిగా మూసినప్పుడు ఆనే ఐడిల్ స్టాపును ఒకేసారి తాకుతున్నాయా, పూర్తిగా తెరిచినప్పుడు ఒకేసారి ఆనుతున్నాయా. ఎడమది ఒక వెంట్రుక ఆలస్యం. కేబుల్ సర్దాం. తర్వాత తోకను గట్టిగా కట్టేసి, చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజినీరు గారు కాక్‌పిట్‌లో బ్రేకు మీద కూర్చున్నారు. రెండు కార్బురేటర్లను కలిపే ట్యూబు తీసి గేజీలు తగిలించాం. సార్ ప్రొపెల్లర్ వెనక నిలబడి, నన్ను ఒక గీత చూపించి అది దాటితే ఒప్పుకోనన్నారు. ఆయిల్ 50 డిగ్రీలకు వచ్చేదాకా ఎవరూ థ్రాటిల్ ముట్టుకోలేదు.

రెండు ముళ్ళూ ఒకేచోటికి వచ్చి నిలిచాయి. పెన్ను ప్యానెల్ మీద పెట్టాను. కదల్లేదు. లాగ్‌బుక్కులో ఇంజినీరు గారి సంతకం, చేసిన ప్రతి పనీ వరుసగా. సాయంత్రం ఇరవై నిమిషాలు ఎగిరొచ్చాను. దిగాక మళ్ళీ ట్రే చూశాను, పొడిగానే ఉంది.

పాకాల_జంక్షన్
చివర్లో సింక్ కూడా కావాల్సి వచ్చింది కదా. నాకు అది చాలు!

మదనపల్లె_ఎగురుడు
పెట్రోలు ఏం చేశారు?

చంద్రగిరి_రెక్కలు
ప్రస్తుతానికి ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు తెప్పించుకుంటున్నాం. ఖర్చు ఎక్కువే, నలుగురం ఒప్పుకున్నాం. దాంట్లో సీసం ఉంటుంది కాబట్టి ఆయిల్ 100 గంటలకు కాకుండా 50 గంటలకే మార్చాలని సార్ చెప్పారు. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూడటం నేర్పిస్తామన్నారు.

ఏఎంఈ_పెద్దాయన
ఆయిల్లోని ఇనుప పొడిని పట్టే మ్యాగ్నెటిక్ ప్లగ్గు కూడా చూడాలి. దానికి సన్నటి మెత్తటి బూడిద అంటుకుంటే భయం లేదు. రేకు ముక్కలు కనపడితే ఇంజన్ వెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యాలి. ఇంతకీ పెట్రోలు, కూలెంట్ గొట్టాల మీద తేదీ చూడమన్నాను, చూశారా?

చంద్రగిరి_రెక్కలు
చూశాను సార్. 2017.

ఏఎంఈ_పెద్దాయన
5 ఏళ్ళకు మార్చాల్సిన రబ్బరు. గొట్టాలే కాదు, కార్బురేటర్లను పట్టుకునే రబ్బరు ఫ్లాంజీలు కూడా. వాటికి పగులు వస్తే పక్క నుంచి గాలి పీలుస్తుంది, మళ్ళీ ఇదే వణుకు ఇంకో దారిలో వస్తుంది. కొత్తవి వచ్చేదాకా ఎగరొద్దు.

చంద్రగిరి_రెక్కలు
ఎగరం సార్. ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. వచ్చిన వారం శుక్రవారం రాత్రి బస్సుకు చిత్తూరులో మీకు సీటు పట్టి ఉంచుతా.

పుత్తూరు_స్పానర్
నాక్కూడా ఒక సీటు పట్టండి అన్నా. తిరుపతి వచ్చి ఎక్కుతా. ఆ బింగ్‌ను ఒకసారి దగ్గర్నుంచి చూడాలి.